పేరు పెట్టని ఏడాది

కొత్త పురుగుకు పేరు పెట్టాలంటే ముందు ఒకదాన్ని చంపాలి. దమయంతి వృత్తిలో అది తొలి పాఠం. స్పిరిట్ సీసాలో వేసిన పురుగు కాళ్లు ముడుచుకుని అడుక్కి చేరాక దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాలి. రెక్కల మీద ఈనెలు ఎక్కడ చీలుతున్నాయో, మగదాని తోక చివర కొక్కేలు ఎటు వంపు తిరిగాయో చూసి బొమ్మ గీయాలి, వర్ణన రాయాలి. అది అచ్చయిన రోజునే ఆ జాతి పుట్టినట్టు లెక్క. అప్పటిదాకా అది ఎన్ని లక్షల ఏళ్లుగా వాగులో బతుకుతున్నా, చట్టం దృష్టిలో లేనట్టే.

జన్యువులు చదివే యంత్రాలు వచ్చాక ఈ పని చేసేవాళ్లు కరువయ్యారు. చుక్క నీరు వేస్తే అందులో ఏయే జీవులు తిరిగాయో యంత్రమే చెప్పేస్తోంది. పేరు పెట్టడానికి మాత్రం ఇంకా మనిషి కంటితో చూసి రాసిన వర్ణనే కావాలి. విశాఖపట్నంలో దమయంతి పనిచేసే పరిశోధనాలయంలో మైక్రోస్కోపు గది తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. ఇంకెవరికీ దానితో పని పడేది కాదు.

ఆమె చదువంతా క్యాడిస్ ఈగల మీద. పేరుకు ఈగేగానీ చూడ్డానికి బూడిదరంగు చిమ్మటలా ఉంటుంది. పిల్లదశంతా నీళ్లలోనే. నోట్లోంచి పట్టుదారం తీసి, ఇసుక రేణువులు ఒక్కొక్కటే అతికించి, తన ఒంటికి సరిపడా గొట్టం కట్టుకుంటుంది. నత్త గుల్లను మోసినట్టు దాన్ని మోసుకు తిరుగుతుంది. పార్వతీపురం దాటి కొండల్లోకి వెళితే తుమ్మికొండ గెడ్డ అని ఒక సన్నటి ప్రవాహం ఉంది. ఒక వానాకాలం సాయంత్రం ఆ గెడ్డ ఒడ్డున తెల్లగుడ్డ కట్టి దీపం వెలిగిస్తే, గుడ్డ మీద వాలిన పురుగుల్లో దమయంతి ఎరుగని జాతి ఒకటి వందల్లో కనబడింది. అందులో ఒక మగదాన్ని పట్టి సీసాలో వేసింది.

ఆ తర్వాతి ఎండాకాలం మళ్లీ వెళ్లింది. గెడ్డ ఎండిపోయి, ఇక్కడొకటి అక్కడొకటి మడుగులు మిగిలాయి. నీళ్లు పచ్చబడి కంపు కొడుతున్నాయి. మిగతా పురుగులన్నీ చచ్చి తేలుతున్నాయి. ఈ కొత్తవి మాత్రం రాళ్ల అడుగున గొట్టాలు అతికించుకుని, రెండు కొసలూ పట్టు జల్లెడతో మూసుకుని, లోపల నిద్రపోతున్నాయి. తొలకరి పడేదాకా అలాగే ఉంటాయి. అన్ని నెలలు మూసిన గొట్టంలో పడుకున్న పురుగు తన విసర్జన తనకే విషమై ఎందుకు చావడం లేదన్నది దమయంతికి అంతుపట్టలేదు. గుప్పెడు గొట్టాలు తెచ్చి, రెండు గదులవతల పనిచేసే రసాయన శాస్త్రవేత్త వారిజకు ఇచ్చింది.

పది రోజుల తర్వాత వారిజే ఆమె గదికి వచ్చింది. కూర్చోలేదు, తలుపు పట్టుకునే నిలబడింది.

"ఆ జల్లెడేనండీ. యూరియాను, అమోనియాను పట్టేసుకుంటోంది. మంచినీటిని మళ్లీ లోపలికి వదులుతోంది. మీ పురుగు తన కిడ్నీ తనే నేసుకుంటోంది, దమయంతి గారూ."

ఆ మాట చెప్పడానికి వారిజ తన దగ్గరికి పరుగున ఎందుకు వచ్చిందో దమయంతికి తెలుసు. ఆ భవనంలో అందరికీ తెలుసు.

దమయంతి భర్త లోకనాథానిది ఉద్దానం. కొబ్బరితోటల మధ్య పెరిగిన మనిషి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆ ఊళ్లలో వీధివీధినా మనుషుల్ని తినేస్తున్న కిడ్నీ జబ్బు నలభై నాలుగో ఏట ఆయన్నూ పట్టుకుంది. అతికే కిడ్నీ దొరకలేదు. వారానికి మూడుసార్లు డయాలిసిస్ మిషను మీద పడుకునేవాడు. ఈమధ్య మిషను మీద ఉండగానే రక్తపోటు పడిపోయి, గుండె తడబడి, రెండుసార్లు సగంలో ఆపేశారు. ఇలా ఎక్కువ రోజులు నడవదని డాక్టరు దమయంతిని వరండాలోకి పిలిచి చెప్పాడు.

వారిజ ఊరుకునే మనిషి కాదు. వందల గొట్టాల కొసలు కోసి, ఆ జల్లెడలన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి, అరచేతిలో పట్టే డబ్బా చేసింది. పొట్టలోకి ఎక్కించిన ద్రవం నడుముకు కట్టిన ఆ డబ్బాలోంచి పోయి, శుభ్రపడి మళ్లీ పొట్టలోకి చేరుతుంది. రక్తం బయటికి రానక్కర్లేదు, గుండెకు శ్రమ లేదు. నెల తిరిగేసరికి జల్లెడ నిండిపోతుంది, డబ్బా మార్చాలి. ఆసుపత్రి చేతులెత్తేసిన పదకొండు మంది మీద ప్రయోగానికి అనుమతి వచ్చింది. అందులో లోకనాథం ఒకడు.

మూడో డబ్బా మీద ఉన్నప్పుడు ఒక ఆదివారం ఇద్దరూ బీచి రోడ్డు మీద నడుస్తున్నారు. లోకనాథం ఉన్నట్టుండి కొబ్బరిబోండాల బండి దగ్గర ఆగిపోయాడు. కొబ్బరినీళ్లు ఆయనకు విషం. ఆరేళ్లయింది నోట పోసి. మామూలు నీళ్లే రోజుకు కొలిచి తాగే మనిషి.

"బావా, వద్దు," అంది దమయంతి. ఆయన ఆమెకు మేనత్త కొడుకు. పెళ్లి కాకముందూ బావే, అయ్యాకా బావే.

"నిన్నటి రక్తపరీక్ష సూసినావు గదేటి. వారిజమ్మ తాగొచ్చనీసింది. అడిగినాను."

"ఎప్పుడడిగావు?"

"నువ్వు లేనప్పుడు. నువ్వుంటే అడగనిస్తావేటి."

బోండాం ఎత్తి గటగటా తాగాడు. గడ్డం మీదుగా కారి చొక్కా తడిసింది. ఖాళీ బోండాం చేత్తో పట్టుకుని సముద్రం వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. దమయంతి భుజం మీద చెయ్యి వేయబోయి ఆగింది. ఆయన ఏడుస్తున్నాడు. బండివాడు చూడనట్టు కత్తి తుడుచుకుంటున్నాడు.

అప్పటికి దమయంతి తన పురుగు వర్ణన రాయడం సగంలో ఉంది.

ఆ ఏడు తొలకరి పడగానే తుమ్మికొండ గెడ్డ దగ్గరికి వెళ్లి తెల్లగుడ్డ కట్టింది. గొట్టాలు ఏరడానికి వారిజ కూలికి పెట్టుకున్న సన్యాసి అనే జాతాపు తెగ మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, దీపం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. చీకటి పడుతుండగా పురుగులు వాలడం మొదలైంది. మొదటిసారి తన పురుగులు వందలు వాలిన గుడ్డ మీద ఇప్పుడవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వాలాయి.

"ఎన్ని మడుగుల్లో ఏరారు సన్యాసీ?"

"అన్నిట్లోనమ్మా. పైనున్న కొండమడుగులో మాత్రం ముట్టలేదు. ఎక్కడం కష్టమని."

విషయం కష్టమైనదేమీ కాదు. జల్లెడ పట్టు కావాలంటే గొట్టం మూసుకున్నాకే ఏరాలి. అప్పుడు ఏరితే లోపలి పురుగు చస్తుంది. రెక్కలు రాకుండానే చచ్చిన పురుగు గుడ్లు పెట్టదు. పట్టుపురుగునైతే మనిషి పెంచుకుంటున్నాడు. దీన్ని దమయంతి తొట్టెల్లో పెంచి చూసింది. రెక్కలొచ్చి ఎగిరేవి, జత కట్టేవి కావు. ఏ గాలి, ఏ రాయి, ఏ నీటి చప్పుడు లోపించిందో తెలియలేదు. వారిజ ఆ పట్టును యంత్రంతో తీయించింది. దారం వచ్చింది. జల్లెడ రాలేదు.

విశాఖ తిరిగొచ్చి దమయంతి వర్ణన పూర్తి చేసింది. రెక్కల బొమ్మ, కొక్కేల బొమ్మ, గొట్టం బొమ్మ. ఇక పత్రికకు పంపడమే మిగిలింది. వారిజకు చూపించింది.

వారిజ మొదటి పేజీ చదివి బల్ల మీద పెట్టేసింది. "ఇది అచ్చయితే ఏమవుతుందో మీకు తెలుసుగా?"

"తెలుసు. ఒక్క గెడ్డలోనే ఉండే జాతి. పేరు రాగానే రక్షిత జాబితాలోకి వెళుతుంది. గెడ్డలో ఎవరూ చెయ్యి పెట్టడానికి లేదు."

"పదకొండు మంది, దమయంతి గారూ."

"పంపకపోతే పురుగే మిగలదు. అప్పుడు ఆ పదకొండు మందికి ఏం చెబుతారు?"

"ఇంకొక్క ఎండాకాలం ఇవ్వండి. జల్లెడ అల్లిక పట్టుకునేదాకా వచ్చాం. పై మడుగు ముట్టం. అక్కడున్నవి గుడ్లు పెడితే కింద మళ్లీ నిండుతుంది. నిండదంటారా?"

నిండవచ్చు. దమయంతి కాదని చెప్పలేకపోయింది. శాస్త్రవేత్త కనుక "తప్పకుండా" అనడం అలవాటు లేదు, "ఎప్పటికీ" అనడమూ అలవాటు లేదు. కాగితాలు తీసుకుని ఇంటికి వెళ్లింది.

లోకనాథం వంటింట్లో కూర్చుని బంగాళాదుంపలు తరుగుతున్నాడు. అదీ ఆరేళ్లుగా తినని కూరే. దమయంతి ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని అంతా చెప్పింది. పురుగు సంగతి, చట్టం సంగతి, వారిజ అడిగినది. ఆయన కత్తిపీట పక్కన పెట్టాడు.

"మరైతే నన్నేల అడుగుతున్నావు?"

"నిన్ను కాకపోతే ఎవర్ని అడగను బావా?"

"నన్నడక్కు. నన్నడిగితే బతకాలనే సెప్తాను. పెద్దమనిషిలాగ, పురుగుల్ని కాపాడవే, నానెలా పోతే ఏటి అనాలనుంది. నోట రాడంలేదు. మా అన్న పోనాడు, మా సిన్నాన్న పోనాడు, ఇద్దరూ దాహం దాహమనే పోనారు. నాకు అలా పోవాలని లేదే." కత్తిపీట మళ్లీ ముందుకు లాక్కుని, "నీ కాగితాలు నీయి. నాను సూడలేదనుకో," అన్నాడు.

దమయంతి కాగితాలు పంపలేదు.

ఏడాది గడిచింది. లోకనాథం మళ్లీ బడికి వెళ్లి, మైదానంలో గొడుగు కింద కుర్చీ వేసుకుని పిల్లలకు ఈల ఊదాడు. డబ్బా మార్చే రోజున ఆసుపత్రిలో పదకొండు మందీ కలిసేవారు. కవిటి నుంచి వచ్చే ఎండుచేపల గౌరమ్మ అందరికీ చక్కిలాలు తెచ్చేది. లోకనాథాన్ని "మాస్టరుబాబూ" అని పిలిచి, తన మనవడికి పరుగు నేర్పమని పోరుపెట్టేది. వారిజ జల్లెడ అల్లిక మీద రాత్రింబవళ్లు కూర్చుంది. జల్లెడ అల్లుకోలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చాక సన్యాసి ఏరి పంపిన గొట్టాలు కిందటేడు వాటిలో సగం కూడా లేవు. వారిజ వాటిని అందరికీ సమానంగా పంచింది. దసరా దాకా వస్తాయని తేలింది. ఆ తర్వాత ఏమిటని ఎవరూ అడగలేదు.

దమయంతి ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి లోకనాథం చాప మీద పడుకుని నిద్రపోతున్నాడు. నడుము దగ్గర డబ్బా చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడుతోంది. ఆయన పాదాలు చూసింది. జబ్బు ముదిరిన రోజుల్లో వాచి మెరిసిన పాదాలు ఇప్పుడు మామూలుగా, ఎముకలు కనబడుతూ ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి పార్వతీపురం బస్సెక్కింది.

కొండమడుగుకు దారి లేదు. బండలు పట్టుకుని పైకి పాకాలి. సన్యాసిని పిలవలేదు, ఒక్కతే ఎక్కింది. మడుగు మోకాలి లోతు ఉంది. మొదటి రాయి తిప్పింది. రాయి అడుగున గొట్టాలు పక్కపక్కనే, కొసలన్నీ ఒకే వైపు తిరిగి, మూసుకుని ఉన్నాయి. తన జీవితంలో ఇంత దట్టంగా ఒక రాయి మీద చూడలేదు. ఒక్కదాన్ని గోటితో మీటింది. ఊడి అరచేతిలో పడింది. లోపల పురుగు మెల్లగా కదిలింది, రేకు డబ్బాలో గింజ కదిలినట్టు.

సగమే తీయాలని అనుకునే ఎక్కింది. సగం తీశాక వచ్చినవి ఎన్ని డబ్బాలకు వస్తాయో చూసుకుంది. ఇంకొన్ని రాళ్లు తిప్పింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మడుగులో ఆమె తిప్పని రాళ్లు బాగా అడుగున, చెయ్యి అందనివి మాత్రమే మిగిలాయి. అవి చాలు, వాటినుంచి మళ్లీ పుడతాయి అనుకుంది. అలా అనుకున్నప్పుడు ఆమెలోని శాస్త్రవేత్త ఏమీ అనలేదు.

ఐసు పెట్టెలో తెచ్చి వారిజ బల్ల మీద పెట్టింది.

"ఎక్కడివి?" అంది వారిజ.

"పై మడుగువి."

వారిజ పెట్టె మూత తీసి, ఎన్నున్నాయో చూసింది. "మిగతావాళ్లకి?"

"ఇవి ఒక్కరికే వస్తాయి."

వారిజ చేతొడుగులు వేసుకుని గొట్టాలు కడగడం మొదలుపెట్టింది. కాసేపటికి దమయంతి కూడా చేతొడుగులు వేసుకుని పక్కన నిలబడి కడిగింది.

తొలకరి ఆలస్యంగా వచ్చింది. వచ్చీరాగానే ఒక్క పూటలో కుంభవృష్టి కురిసి గెడ్డ బండలు దొర్లించుకుపోయింది. దమయంతి తెల్లగుడ్డ కట్టింది. చిమ్మటలు వాలాయి, ఉసిళ్లు వాలాయి, పేడపురుగులు వాలాయి. తన పురుగు వాలలేదు. మర్నాడు కట్టింది. వారం తర్వాత వచ్చి కట్టింది. శ్రావణంలో, భాద్రపదంలో కట్టింది. అడవిలో దీపం చుట్టూ తిరగాల్సినవన్నీ తిరిగాయి, అది తప్ప.

దసరా వెళ్లాక డబ్బాలు ఆగిపోయాయి. పదిమంది మళ్లీ మిషన్లకు వెళ్లారు. ఆ మిషన్లు తట్టుకోలేకే వాళ్లు ఇక్కడికి వచ్చినవాళ్లు. కార్తీక మాసంలో గౌరమ్మ పోయింది. ఆ కబురు లోకనాథానికి ఆమె మనవడు ఫోను చేసి చెప్పాడు.

సాయంత్రం దమయంతి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అడిగాడు. "గౌరమ్మకి ఆగిపోనాది. అందరికీ ఆగిపోనాది. నాకేల ఆగలేదు?"

ఆమె ఒక చెప్పు విడిచి, రెండోది అలాగే ఉంచి నిలబడిపోయింది.

"సెప్పు."

చెప్పింది. కొండమడుగు, రాళ్లు, ఐసు పెట్టె, అన్నీ చెప్పింది.

లోకనాథం గోడకు చేరగిలబడ్డాడు. "ఆ మనవడికి పరుగు నేర్పుతానన్నాను," అన్నాడు. ఆయన చెయ్యి రెండుసార్లు నడుము దగ్గరికి పోయింది, డబ్బా కట్టు మీద ఆగింది. ఆయన విప్పలేదు. విప్పమని ఆమె అనలేదు. అన్నం వండింది, ఇద్దరూ తిన్నారు.

మర్నాడు దమయంతి తన కాగితాలు తీసి పత్రికకు పంపింది. ఆపడానికి ఇక కారణం లేదు. పురుగుకు ఆ కొండ పేరే పెట్టింది. నెల తర్వాత పత్రికవాళ్లు ఒక వాక్యం చేర్చమన్నారు, ఈ జాతి ప్రస్తుత పరిస్థితి ఏమిటో రాయమని. "గత వర్షాకాలంలో ఒక్కటీ కనబడలేదు. ప్యూపా దశలో అధికంగా సేకరించబడినందున జాతి అంతరించి ఉండవచ్చు," అని రాసింది. సేకరించింది ఎవరో ఆ వాక్యంలో లేదు. శాస్త్రపత్రాల్లో వాక్యాలు అలాగే ఉంటాయి, ఎవరూ అడగలేదు.

ఆఖరి డబ్బా పుష్యమాసంలో నిండిపోయింది. లోకనాథం మిషను మీద నెలన్నర ఉన్నాడు. చివరి రోజుల్లో తడిపిన దూదితో దమయంతి ఆయన పెదాలు తుడిచేది. ఆయన ఆ దూదిని పళ్లతో పట్టుకుని వదిలేవాడు కాదు. మెల్లగా లాగాల్సి వచ్చేది. ఒకసారి, "ఇంకా మిగిల్నాయేటే, ఆ మడుగులో?" అని అడిగాడు. లేవు అంది. "సూసినావా?" అన్నాడు. చూశాను బావా అంది. ఆ మాటకు ఆయన కళ్లు మూసుకున్నాడు. మాఘంలో పోయాడు.

వర్ణన ఫాల్గుణంలో అచ్చయింది. చట్టం తన పని తాను చేసింది. తుమ్మికొండ గెడ్డ రక్షిత ప్రదేశమైంది. అధికారి ఒకాయన ఫోను చేసి అభినందించాడు. మన కొండల్లోని జీవజాతికి మీవల్ల ఒక గుర్తింపు వచ్చిందన్నాడు. దమయంతి థాంక్సండీ అంది. పరిశోధనాలయంలో వారిజ గది ఖాళీగా ఉంది. ఆమె ఉద్యోగం మానేసి వాళ్ల అమ్మగారి ఊరు వెళ్లిపోయిందన్నారు.

చైత్రంలో దమయంతి గెడ్డకు వెళ్లింది. ఎందుకు వెళ్లిందని ఎవరైనా అడిగితే చెప్పగలిగేది కాదు. ఒడ్డున కొత్త బోర్డు పాతి ఉంది. దాని మీద ఆమె పెట్టిన పేరు, కింద ఆమె గీసిన బొమ్మ, ఆ కింద నిషేధాజ్ఞ. నీళ్లు మడుగులు కట్టాయి. చెప్పులు విడిచి మడుగులోకి దిగి, వంగి, ఒక రాయి ఎత్తింది. అడుగున నాచు ఉంది. గొట్టాలు అతికిన చోట వాటి తెల్లటి మచ్చలైనా మిగల్లేదు. వరద కడిగేసింది.

"అమ్మా, రాళ్లు ముట్టుకోకూడదమ్మా," అని వెనకనుంచి వినబడింది.

సన్యాసి. ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతిలో కర్రతో నిలబడి ఉన్నాడు. ఎవరో పోల్చుకున్నాక ఇబ్బందిగా నవ్వాడు.

"నువ్వా. కాపలాదారువి అయ్యావా?"

"అవునమ్మా. పోయిన నెల్లో ఏసినారు. ఈ గెడ్డలో ఎవుల్నీ దిగనివ్వొద్దన్నారు. మిమ్మల్నైనా సరే, పైవోళ్లు ఒప్పుకోరు గదా మరి. ఏటీ అనుకోకండి."

"అనుకోనులే." ఆమె రాయి చేతిలోనే పట్టుకుని నిలబడింది. "ఇందులో ఏమీ లేదు కదా సన్యాసీ."

"లేదమ్మా. నాకు తెల్దేటి. ఏరినోడిని నానే గదా." కర్రను ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "కాయమన్నారు. కాస్తన్నాను."

దమయంతి వంగి, రాయి ఎక్కడ ఉండేదో ఆ గుంతలోనే, నాచు ఉన్న వైపు కిందికి వచ్చేలా పెట్టింది. గట్టెక్కి చెప్పులు తొడుక్కుంది. సన్యాసి పక్కకు తప్పుకుని దారిచ్చాడు.